వెనక ఎడమ చక్రం

"ఇక్కడ బళ్ళు బాగుచేస్తాం. పాడుచేయం."

మా పెదనాన్న షెడ్డులో ఇది బోర్డు మీద రాయని మాట. వెడల్పు చక్రాలు వేయించుకోవాలనో, స్ప్రింగులు మార్చి కారు ఎత్తు తగ్గించుకోవాలనో ఎవరైనా వస్తే, ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఈ మాట అనేసి లోపలికి వెళ్ళిపోయేవారు. వచ్చినవాళ్ళు ఇంకో చోట ఆ పని చేయించుకుని, అది చెడితే మళ్ళీ మా దగ్గరికే వచ్చేవారు. అప్పుడు పెదనాన్న పాత స్ప్రింగులు, పాత చక్రాలు తెప్పించి బిగించి పంపేవారు. ఆయన లెక్కలో అది వైద్యం. నా లెక్కలో తలనొప్పికి తల తీసేయడం.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. చదివింది మెకానికల్. చదువయ్యాక కొన్నాళ్ళు ఒక కంపెనీలో తెర ముందు కూర్చుని కారు తలుపుల కీళ్ళ బొమ్మలు సరిచూశాను. కీళ్ళు తప్ప కారు కనపడేది కాదు. ఇంటికొచ్చి షెడ్డులో పని చేస్తానంటే అమ్మ రెండు పూటలు మాట్లాడలేదు. నాన్న మాత్రం "మీ పెదనాన్నని అడుగు" అన్నారు. ఆ మాటకు అర్థం, ఆయన ఒప్పుకోరులే అని.

పెదనాన్న ఒప్పుకున్నారు. కానీ చేతికి స్పానరు ఇచ్చారే తప్ప గుంట ఇవ్వలేదు.

గుంట అంటే బండి కింద నిలబడి పని చేయడానికి నేలలో తవ్వి, పక్కలు కట్టిన గొయ్యి. మా షెడ్డులో రెండు ఉన్నాయి. మొదటిదాంట్లో పెదనాన్న. రెండోది ఖాళీ. ఆ రెండోదాన్ని మట్టితో పూడ్చి, పైన సిమెంటు చేసి, కార్లు కడిగే అతనికి అద్దెకి ఇవ్వాలని ఆయన నిర్ణయం. నాకు ఆ గుంట కావాలి. ఎత్తు తగ్గించిన బళ్ళు, వెడల్పు చక్రాల బళ్ళు, అందరూ వద్దని తిప్పి పంపేవన్నీ అందులోకి రావాలి. వాటిని పాత రూపానికి తిప్పకుండానే బాగుచేయాలి. నేను అడిగినప్పుడల్లా పెదనాన్న ఒకటే అనేవారు:

"నీ చదువుకి ఆఫీసు కుర్చీ వెతుక్కోవే. గోతిలో దిగడానికి అంత చదువెందుకు?"

"చదువుకున్నాక గోతిలో దిగకూడదని ఏ పుస్తకంలో ఉంది పెదనాన్నా?"

"నోరు మాత్రం బాగా చదివింది" అనేవారాయన.

అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరుగారి కారు వచ్చింది.

చిన్న కారు. ముదురు ఆకుపచ్చ. నేలకి దగ్గరగా, బుద్ధిగా కూర్చున్న పిల్లిలా ఉంది. చక్రాలు కంపెనీవి కావు, వెడల్పువి, మడ్‌గార్డు అంచుదాకా నిండుగా ఉన్నాయి. నాకు చూడగానే నచ్చింది. పెదనాన్న చూడగానే మొహం తిప్పుకున్నారు.

"టైరు ఎక్కడ రాసుకుంటోందండీ?" అని అడిగాను.

"వెనక. అప్పుడప్పుడు" అన్నారు డాక్టరుగారు. నలభై ఏళ్ళావిడ, కళ్ళజోడు తల మీదికి పెట్టుకుని ఉన్నారు. "నిద్రలో పళ్ళు కొరికే పేషెంట్లు వస్తుంటారు నా దగ్గరికి. అచ్చం అదే చప్పుడు. నాలుగు చోట్ల చూపించాను. అందరూ పాత స్ప్రింగులు వేసేయమనే అంటున్నారు. నాకు వేయడం ఇష్టం లేదు."

"ఎందుకమ్మా ఇష్టం లేదు?" పెదనాన్న లోపలినుంచే అడిగారు. "కంపెనీవాడు తెలివితక్కువగా చేశాడా?"

"నాకు ఇలా నచ్చిందండీ. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేస్తాను. నాకంటూ నచ్చింది ఇదొక్కటి."

"నచ్చితే సరా? టైరు చిరిగితే నచ్చడం ఆదుకుంటుందా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. రాసుకునే టైరు పక్క భాగం తెగుతుంది. నడిరోడ్డులో పేలుతుంది. అందుకే నేను ఆయనతో వాదించకుండా డాక్టరుగారినే అడిగాను.

"పళ్ళు కొరికేవాళ్ళకి మీరేం చేస్తారండీ?"

"రాత్రిళ్ళు పెట్టుకోవడానికి మెత్తటి తొడుగు చేసిస్తాం."

"పళ్ళు పీకరా?"

ఆవిడ నవ్వారు. "పీకితే చప్పుడు పోతుంది. కానీ మళ్ళీ నా దగ్గరికి ఎవరొస్తారు?"

"విన్నారా పెదనాన్నా? పళ్ళు పీకరట."

పెదనాన్న బయటికి వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. బూటుతో వెనక చక్రాన్ని తట్టారు. తర్వాత నావైపు చూసి, కస్టమరు ముందే, చాలా నెమ్మదిగా అన్నారు.

"ఎత్తు పెంచకూడదు. చక్రాలు మార్చకూడదు. చప్పుడు ఆగాలి. శనివారం గట్టు దాటించాలి. దాటితే రెండో గుంట నీది. తగిలిందా, సోమవారం గుంటలో మట్టి పడుతుంది. నువ్వు ఆఫీసుకి పోతావు. సరేనా?"

"సరే" అన్నాను.

గట్టు దాటించడం మా షెడ్డు రూలు. గేటు దగ్గర వాన నీళ్ళు లోపలికి రాకుండా కట్టిన ఎత్తయిన సిమెంటు గట్టు ఉంది. స్ప్రింగుల పని చేసిన ఏ బండినైనా అప్పగించేముందు, అందులో రోజూ ఎక్కే కుటుంబాన్నంతా ఎక్కించి, ఆ గట్టు మీదుగా బయటికి తీసుకెళ్ళి మళ్ళీ లోపలికి తేవాలి. ఖాళీ బండి నడిపి చూసి 'బాగుంది' అనడం పెదనాన్నకి నచ్చదు. "ఖాళీ బండి పెళ్ళిచూపుల పిల్లాడి లాంటిది, తప్పు చేయదు" అంటారు.

నేను పని మొదలుపెట్టాను. మడ్‌గార్డు లోపల రేకు అంచు ఒకటి కిందికి ముడుచుకుని ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడు టైరు మొదట తగిలేది దానికే. రంగు పగలకుండా హీట్ గన్‌తో వేడిచేస్తూ, రోలరుతో కొంచెం కొంచెంగా నొక్కుతూ ఆ అంచుని పైకి మడిచేశాను. ఎడమా కుడీ రెండూ. తొందరపడితే రేకు బయటికి ఉబ్బుతుంది, అందుకే ఒక్కో చక్రానికి ఒక్కో పూట పట్టింది. పెదనాన్న పక్క గుంటలోంచి చూస్తూనే ఉన్నారు.

తర్వాత వెనక సీట్లో, డిక్కీలో ఇసుక బస్తాలు సమంగా సర్ది, టైరు పక్క అంచుల మీద సుద్దముక్కతో దట్టంగా గీసి గట్టు దాటించాను. టైరు దేనికైనా తగిలితే సుద్ద చెరిగిపోవాలి. చెరగలేదు. మళ్ళీ దాటించాను. గీత గీతలాగే ఉంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మతో "గుంట వచ్చేసినట్టే" అన్నాను. అమ్మ "గోతిలో పడ్డానని సంబరపడేదాన్ని నిన్నే చూస్తున్నా" అంది.

శనివారం డాక్టరుగారు తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చారు. భర్త ఊళ్ళో లేరు, రోజూ ఆ కారెక్కేది వాళ్ళిద్దరే. అత్తగారు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. భారీ విగ్రహం, దానికి తగ్గ గొంతు. ఆవిడ షెడ్డులోకి అడుగుపెట్టగానే నేను కారణం లేకుండానే నిటారుగా నిలబడ్డాను. ఆవిడ ఎవరినీ అడగకుండా వెనక ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నారు. బండి ఆ పక్కకి ఒరిగింది. నా గుండె కూడా.

డాక్టరుగారు నడిపారు. నేను పక్కనే నడుస్తున్నాను. ముందు చక్రాలు గట్టు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి, దిగుతుండగా వినపడింది.

గర్ర్.

షెడ్డులో అందరూ విన్నారు. పెదనాన్న తల ఎత్తలేదు, చేతిలో ఉన్న స్పానరు మాత్రం బల్ల మీద పెట్టారు.

"ఆపవే" అన్నారు అత్తగారు కోడలితో. "నేను దిగుతాను. నేనెక్కితేనే కదా ఇది ఏడ్చేది."

డాక్టరుగారు స్టీరింగు మీదికి వంగిపోయారు. "అలా అంటారేంటి అత్తయ్యా."

"ఉన్నమాటే. నువ్వొక్కదానివీ వెళ్తే కిక్కురుమనదు. నేనెక్కితే ఊరంతా వినపడేట్టు గోల పెడుతుంది. నాకు తెలీదనుకున్నావా?" ఆవిడ కిటికీలోంచి నన్ను చూశారు. "ఈ అమ్మాయికి చెప్పావా, ఎవరెక్కితే తగులుతోందో?"

డాక్టరుగారు తల మీది కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టారు.

"చెప్పదు. మా కోడలు మహా మర్యాదస్తురాలు. అత్తగారి బరువు గురించి పరాయివాళ్ళ దగ్గర ఎత్తదు. 'అప్పుడప్పుడు' అని ఉంటుంది."

సరిగ్గా అదే అన్నారు. నేనూ ఎప్పుడు తగులుతోందని అడగలేదు, ఎక్కడ తగులుతోందనే అడిగాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడగనే లేదు. పుస్తకంలో బరువు ఎప్పుడూ సమంగానే ఉంటుంది. ఇసుక బస్తాలు చెప్పినచోట కూర్చుంటాయి. మనుషులు తమకి అలవాటైన చోట కూర్చుంటారు.

పెదనాన్న దగ్గరికి వచ్చారు. గొంతులో ఎంత మర్యాద పలకాలో అంతా పలికించి, "అమ్మా, మీరు ముందు సీట్లో కూర్చుంటే సరిపోతుంది కదా. బరువు మధ్యకి వస్తుంది. ఇంక తగలదు" అన్నారు.

ఆయన నాకు దారి చూపిస్తున్నారని అర్థమైంది. ఆవిడ ముందుకి మారితే చప్పుడు పోతుంది. గట్టు దాటుతుంది. గుంట నాదవుతుంది. తల్లిలాంటి మనసే ఆయనది, ఓడిపోకుండా చూడాలనుకున్నారు. డాక్టరుగారు కూడా ఆశగా అత్తగారి వైపు చూశారు.

"నేను ముందు కూర్చోను" అన్నారు అత్తగారు. "ముందు కూర్చుంటే దీనికి డ్రైవింగ్ నేర్పుతాను. ఇల్లు చేరేలోపు ఇద్దరికీ చెడుతుంది. పదేళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నాను, మా ఇద్దరి కాపురం నిలబడింది ఈ సీటు వల్లే."

"ఆవిడ ఎక్కడికీ మారక్కర్లేదు పెదనాన్నా" అన్నాను.

"మారితే అయిపోయేదానికి…"

"బండిని మనిషికి సర్దాలి. మనిషిని బండికి కాదు. ఖాళీ బండి నమ్మొద్దని మీరే అంటారు. మనుషుల్ని మార్చి కూర్చోబెట్టిన బండిని మాత్రం ఎలా నమ్ముతాం?"

"అయితే తగిలినట్టే. మాట మాటే" అన్నారాయన. మర్యాద గొంతు పోయింది.

"తగిలింది. నేనూ విన్నాను. కానీ శనివారం అన్నారు. శనివారం ఇంకా అయిపోలేదు."

"స్ప్రింగులు మార్చేయి. చెప్పిన మాట విను."

"మార్చను."

పెదనాన్నకి ఎదురు తిరిగి 'మార్చను' అన్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మా నాన్న కూడా అనలేదు. ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, పక్కన ఆడవాళ్ళున్నారని ఆగి, గుడ్డ తీసుకుని ఉత్తినే చేతులు తుడుచుకుంటూ మొదటి గుంటలోకి దిగిపోయారు.

నేను బండిని రెండో గుంట మీదికి తెమ్మన్నాను. తర్వాత అత్తగారి కిటికీ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అమ్మగారూ, ఒక సాయం కావాలి. మీరు దిగకుండా కాసేపు అక్కడే కూర్చుంటారా? నేను కిందినుంచి చూడాలి."

"అంటే నన్ను బస్తాలా వాడుకుంటావా?"

"బస్తాతో పని జరగలేదండీ. ఇసుకకి మీలా కూర్చోవడం రాలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. హాస్టల్లో ఎంతమంది అమ్మాయిలు ఆ చూపుకి తలదించుకున్నారో! నేను దించలేదు.

"కూర్చుంటాను. ఒసే, నా ఫోనూ, మంచినీళ్ళూ ఇటివ్వు" అన్నారు కోడలితో.

టైరుకు మళ్ళీ సుద్ద పట్టించి గుంటలోకి దిగాను. కింద నూనె వాసన, చల్లదనం. లైటు పెట్టి చూస్తే ఎడమ చక్రం మడ్‌గార్డులోకి బాగా దూరిపోయి ఉంది. అయినా నేను మడిచిన అంచుకి ఎక్కడా తగలడం లేదు. మరి ఎక్కడ?

"అమ్మగారూ, కొంచెం ఊగుతారా?"

"ఏంటీ?" గొంతు కారు అడుగు రేకు గుండా వచ్చింది.

"కూర్చున్నచోటే. పైకీ కిందికీ."

"ఈ వయసులో ఊగమంటున్నావా నన్ను?"

"గట్టు మీద బండి ఊగినట్టు."

ఒక నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత బండి ఊగింది. మెల్లగా మొదలై, ఆవిడకి సరదా పుట్టినట్టుంది, జోరందుకుంది. పైన డాక్టరుగారి నవ్వు వినపడింది. మొదట దాచుకున్న నవ్వు, తర్వాత దాచుకోని నవ్వు. వాళ్ళిద్దరూ ఆ చప్పుడు గురించి మొదటిసారి కలిసి నవ్వుతున్నారేమో అనిపించింది.

గర్ర్ అంది. నా చెవి పక్కనే.

"ఆపండి! దొరికింది."

మడ్‌గార్డు అయిపోయి వెనక బంపరు మొదలయ్యే చోట, రెంటినీ కలిపి పట్టుకునే ఇనుప పట్టీ ఒకటి ఉంది. దానికో బోల్టు. ఆ బోల్టు తల టైరు వైపుకి పొడుచుకొచ్చింది. తల మీద తెల్లగా సుద్ద. బండి సమంగా దిగినప్పుడు టైరు దానికి వేలెడు దూరంలో ఆగుతోంది. బరువంతా ఎడమ వెనక మూలన పడినప్పుడు ఇంకాస్త లేచి దాన్ని గీరుతోంది.

చక్రం అంత పైకి ఎందుకు లేస్తోందో కూడా కనపడింది. స్ప్రింగు పూర్తిగా నలిగే ముందు బండిని ఆపడానికి లోపల ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. బండి ఎత్తు తగ్గించిన మహానుభావులెవరో, ఊగడం బాగుంటుందనుకుని కాబోలు, దాన్ని సగానికి కోసేశారు. అంటే ఆపాల్సింది ఆపడం లేదు. ఇది స్ప్రింగుల తప్పు కాదు, ఎత్తు తప్పు కాదు, ఆవిడ బరువు తప్పు అసలే కాదు.

పైకి వచ్చి అదే చెప్పాను, ముగ్గురికీ వినపడేలా.

"ఇంకోసారి చెప్పు, చివరిది" అన్నారు అత్తగారు.

"మీ తప్పు కాదండీ."

"విన్నావా?" అన్నారావిడ కోడలితో. డాక్టరుగారు అత్తగారి మోచేయి పట్టుకుని దింపుతూ "నేనెప్పుడన్నాను అత్తయ్యా మీ తప్పని" అన్నారు. "అనకపోవడమే మరీ చెడ్డగా ఉంది" అన్నారు ఆవిడ, చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

బోల్టు తీసేశాను. పట్టీని టైరుకు అందనంతగా వెనక్కి మడిచి, తల పైకి లేని రివెట్టు కొట్టాను. రబ్బరు దిమ్మలు రెండు పక్కలా కొత్తవి, కోయనివి కావాలి. సామాను గదిలో ఆ కారువే ఉన్నాయి, కానీ ఆ గది తాళం పెదనాన్న దగ్గర. మొదటి గుంట అంచుకి వెళ్ళి నిలబడ్డాను.

"తాళం కావాలి పెదనాన్నా."

ఆయన కింది నుంచే చెయ్యి పైకి చాపి తాళం నేల మీద పెట్టారు. ఇంతకుముందు అన్న 'మార్చను' మా మధ్య ఇంకా అలాగే నిలబడి ఉంది. దాన్ని వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

పని అయ్యేసరికి ఎండ షెడ్డు రేకుల మీదినుంచి దిగుతోంది. అత్తగారు తన చోట తాను ఎక్కారు. డాక్టరుగారు స్టీరింగు దగ్గరికి వెళ్ళబోతుంటే పెదనాన్న అడ్డొచ్చారు.

"నేను నడుపుతాను."

ఆయన నడిపిన తీరు చూస్తే బండి మీద పగ ఉన్నట్టుంది. గట్టు నేరుగా దాటించారు. చప్పుడు లేదు. తిప్పుకొచ్చి ఒక మూల ముందు, ఒక మూల తర్వాత పడేలా ఏటవాలుగా దాటించారు. బరువంతా వెనక ఎడమ మూలకి వెళ్ళింది. చప్పుడు లేదు. చక్రాలు ఒక పక్కకి పూర్తిగా తిప్పి వెనక్కి దాటించారు. లోపల అత్తగారు "ఇంకోసారి పోనివ్వు నాయనా, బాగుంది" అంటున్నారు. ఆవిడ ఈసారి ఎవరూ అడగకుండానే ఊగుతున్నారు.

పెదనాన్న బండి దిగి, వంగి, లైటు వేసి టైరు చూశారు. అంతకుముందు బోల్టు ఉన్న చోట వేలితో తడిమారు. మోకాలు పట్టుకుని లేచారు.

"తగల్లేదు" అన్నారు. కస్టమరుతో కాదు, నాతో. "అయినా ఇది నాకు నచ్చలేదు. బొద్దింకలా ఉంది."

"మీకు నచ్చాలని చేయలేదు పెదనాన్నా. తగలకూడదని చేశాను."

డాక్టరుగారు నాకేసి చూసి నవ్వి, అత్తగారిని ఎక్కించుకుని వెళ్ళిపోయారు. బండి గట్టు దిగి రోడ్డెక్కేదాకా ఇద్దరం చెవులు రిక్కించుకునే ఉన్నాం. ఆ సంగతి రెండోవాళ్ళకి తెలియకూడదని ఇద్దరమూ అనుకున్నాం.

"సరే. రెండో గుంట తీసుకో" అన్నారాయన కాసేపటికి. "మట్టి వద్దని చెప్తాను. కానీ ఒక మాట. ఏ బండి ఎత్తు తగ్గించాలన్నా, ఏ చక్రాలు మార్చాలన్నా ముందు నన్ను అడగాలి. నేను ఊఁ అంటేనే చెయ్యి పెట్టాలి."

ఇంతవరకు వచ్చాక ఊఁ అనేయడం తేలిక. అమ్మ ఉంటే అనేయమనేది. పెద్దాయన, అన్నం పెట్టినవారు, తాళం చేతికిచ్చినవారు. నాకు ఆయనంటే గౌరవం. ఆ గౌరవంతోనే ఆయన కళ్ళలోకి చూశాను.

"అడగను పెదనాన్నా."

"ఏమన్నావు?"

"అడగను. చెప్తాను. ఏం చేస్తున్నానో, ఎందుకు చేస్తున్నానో చేసేముందే చెప్తాను. ఎక్కడైనా తప్పుంటే మీరు చూపించండి, ఆపుతాను. నచ్చలేదని మాత్రం ఆపను."

ఆయన గుడ్డని విసురుగా భుజం మీద వేసుకున్నారు. కోపం వచ్చింది, దాన్ని ఆయన దాచుకోలేదు. "నచ్చలేదనే చెప్తాను రోజూ" అన్నారు చివరికి.

"చెప్పండి."

"గట్టిగా చెప్తాను."

"నేను కింద ఉంటాను. గట్టిగానే చెప్పాలి" అని గుంట మెట్లు దిగాను.